బృందం ఊపిరి

కట్ చేసిన ఊపిరి చెంపకి వెచ్చగా తగిలిందే, అదిగో, కిరణ్మయికి మొట్టమొదట తేడాగా అనిపించింది అప్పుడే.

అప్పటిదాకా తను కట్ చేసిన ఊపిర్లన్నీ చల్లగానే ఉండేవి. ఫ్రిజ్ తలుపు తీస్తే మొహానికి గాలి తగులుతుంది చూడండి, అలా. హెడ్‌ఫోన్ అంచులోంచి బయటికొచ్చి, చెవి పక్కన ఒక చుట్టు తిరిగి, మెల్లగా టేబుల్ కిందికి దిగిపోయేవి. ఇది అలా లేదు. ఎవరో రహస్యం చెప్పడానికి చెవి దగ్గరికి వంగినంత వెచ్చగా ఉంది. పైగా కరక్కాయ వాసన. కిరణ్మయి హెడ్‌ఫోన్ తీసి వెనక్కి తిరిగి చూసింది. ఎవరి సీట్లో వాళ్ళున్నారు.

ఆ ఆఫీసు రాయదుర్గం మెట్రో దిగితే నడిచి వెళ్ళేంత దూరం. పాత సినిమా పాటల్ని శుభ్రం చేసి ఈ కాలం ఫోన్లకి పనికొచ్చేలా తయారు చెయ్యడం వాళ్ళ పని. టేపులో గరగర తీసేది ఒక టీము. ఊపిర్లు తీసేది ఇంకో టీము, కిరణ్మయి ఉన్నది అందులో. ఇప్పుడందరూ ఇయర్‌ఫోన్లు చెవిలో దూర్చుకుని వింటున్నారు కదా. పల్లవి అయ్యాక పాడేవాళ్ళు గాలి పీల్చుకుంటే ఎవరో పక్కన నిలబడినట్టుందని, భయమేస్తోందని కంప్లయింట్లు వచ్చాయట. అందుకని పాట పాటకీ కూర్చుని, ఎక్కడెక్కడ ఊపిరి పీల్చారో వెతికి, మౌస్‌తో పట్టుకుని కట్ చెయ్యాలి. కొన్నాళ్ళకి ఆ పిల్లకి పాట వినపడటం మానేసింది. మధ్యలో గాలి ఒక్కటే వినపడేది. ఒకాయనది సిగరెట్టు వాసనేసేది. ఒకావిడది తమలపాకు. ఇంకొకాయన ప్రతి చరణం ముందూ ఫిల్టర్ కాఫీ తాగొచ్చి పాడినట్టుండేవాడు.

సాయంత్రమయ్యేసరికి టేబుళ్ళ కింద పోగుపడేవి. హౌస్‌కీపింగ్ రాజమ్మ ఖాళీ నీళ్ళ క్యాన్ పట్టుకొచ్చి, మూత తీసి, తుడిచే గుడ్డతో అదిలించేది. అవి కోడిపిల్లల్లాగ ఒకదాని వెనక ఒకటి క్యాన్లోకి దూరేవి. మొదట్లో ఎవరి బర్త్‌డే అయినా వాటితోనే బెలూన్లు ఊదేవాళ్ళు. తర్వాత రాజమ్మ అడిగింది, మా ఇంటాయనకు దమ్ము సరిగ్గ ఆడదు, పడేసెటియి నాకియ్యుండ్రని. మిగిలిన కేకు ముక్క తీసుకెళ్తానంటే ఎవరు కాదంటారు, అలాగే తీసుకెళ్ళమన్నారు.

ఒక్కటే రూలు. పాడినవాళ్ళు పోయుండాలి. బతికున్నవాళ్ళ పాటలో ఊపిరి ముట్టుకోకూడదు, ముట్టుకుంటే అక్కడ వాళ్ళకి అంత మేరా తగ్గిపోతుంది. ఇది ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్తారు, ఫైర్ అయితే లిఫ్ట్ ఎక్కకూడదని చెప్పినట్టు. పాటల హక్కులున్న కంపెనీ, అదే లేబుల్ వాళ్ళు, పాటలు పంపేటప్పుడే కనుక్కుని, గాయనీ గాయకులిద్దరూ పోయుంటే పచ్చచుక్క పెట్టి పంపిస్తారు. ఆ రోజు పాటకీ పచ్చచుక్క ఉంది. క్యాసెట్ల కాలం నాటి పెళ్ళి పాట. ఇద్దరూ పోయారు.

కిరణ్మయి లేచి టీమ్ లీడ్ రవికిరణ్ దగ్గరికెళ్ళి, ఒక ఊపిరి వెచ్చగా వచ్చిందండి అని చెప్పింది. అతను స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా, ఏసీ పనిచెయ్యట్లేదేమో, టికెట్ రైజ్ చెయ్యమన్నాడు. చేసింది. ఏసీ అతను నిచ్చెన వేసుకొచ్చి, పైన ఏదో తట్టి, బానే ఉందని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా అవే పాటలు, వెనక ఆడవాళ్ళ గుంపు ఆలాపన ఉన్నవి. ఊపిరి కట్ చేసినప్పుడల్లా చెంప వెచ్చబడేది. గట్టిగా అడగాల్సింది. అడగలేదు. డిగ్రీ అయ్యాక ఏడాది పైగా ఖాళీగా కూర్చుని, తణుకులో చుట్టాలందరికీ అమ్మ ఒకటే సమాధానం చెప్పీ చెప్పీ విసిగిపోయాక దొరికిన ఉద్యోగం. ఇంకా కన్ఫర్మ్ చెయ్యలేదు. ప్రశ్నలెక్కువేసిన దినేశ్‌ని పోయిన నెలే పంపించేశారు. వారం చివర్లో ఒకటి చల్లగా తగిలితే, అమ్మయ్య, ఏసీ బాగైందనుకుని ఆ రోజు కడుపునిండా తింది కూడా.

ఇంక ఇంటి సంగతి. కిరణ్మయి ఉండేది కొత్తగూడలో, ఫ్లైఓవర్ పక్క సందులో, పుణ్యవతి ఆంటీ వాళ్ళ మూడో అంతస్తు ఫ్లాట్లో. పుణ్యవతి ఒంటరి మనిషి, ఒక గది అమ్మాయిలకి అద్దెకిస్తుంది. ఆవిడ ఒకప్పుడు సినిమాల్లో కోరస్ పాడేది. మద్రాసులో మొదలుపెట్టి, రికార్డింగులు ఇటొచ్చేశాక ఇక్కడికొచ్చి స్థిరపడింది.

ఆవిడ వంటింట్లో పాడుకోవడం భలే ఉండేది. మొత్తం పాట ఎప్పుడూ పాడదు. గరిటె చేత్తో పట్టుకుని, మెయిన్ సింగర్ల వంతంతా నోరు మూసుకుని నిలబడుతుంది. వాళ్ళు పాడటం అయిపోయిందని తనలో తను లెక్కేసుకున్నాక, పప్పులో గరిటె తిప్పుతూ "ఆఆ" అని ఎత్తుకుంటుంది. మళ్ళీ మౌనం. కొత్తలో కిరణ్మయి, మీ ఇంట్లో సగం పాట ఎవరో ఎత్తుకెళ్ళారాంటీ అని ఏడిపించేది. టీవీలో పాత పాటొస్తే మాత్రం పుణ్యవతి అందరినీ పిలిచేది. ఆగు ఆగు, ఇప్పుడు నేనొస్తాను అనేది. ఆలాపన వచ్చి వెళ్ళిపోయేది. విన్నావా, నేనే, అనేది. ఎనిమిది గొంతులు ఒక్కటిగా వినపడే చోట ఈవిడ ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది. విన్నానాంటీ, బావుంది అనేది కిరణ్మయి. అబద్ధమే.

ఆ వారం వంటింట్లో ఆలాపన సగంలో ఆగిపోవడం మొదలైంది. గరిటె పట్టుకుని ఎత్తుకునేది, అందుకోలేక గట్టు పట్టుకుని నిలబడేది. వయసు కదమ్మాయ్ అనేది. తర్వాత ఒకరోజు కిరణ్మయి ఆఫీసు నుంచొచ్చేసరికి రెండో అంతస్తు మెట్ల మీద కూర్చునుంది, పక్కన తోటకూర కట్టలు వాడిపోయున్నాయి. ఎంతసేపైందో చెప్పలేదు. రాత్రిళ్ళు దిండ్లు వెనకేసుకుని కూర్చునే పడుకుంటోందని పనమ్మాయి చెప్పింది. కిరణ్మయి సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు ఎక్స్‌రే లైటుకి పెట్టి చూశాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. గుండె కూడా. కాసేపు పెన్నుతో టేబుల్ మీద కొట్టి, "అమ్మా, మీరేమన్నా పాటలు పాడేవారా?" అనడిగాడు.

"పాడేదాన్నండి. బృందంలో."

"అదీ సంగతి. ఎక్కడో ఎవరో మీ ఊపిర్లు కట్ చేస్తున్నారు. మందులతో అయ్యేది కాదు. ఎవరో కనుక్కుని ఆపించండి," అని బలానికి మాత్రలు రాసిచ్చి నెక్స్ట్ పేషెంట్‌ని పిలవమన్నాడు.

కిరణ్మయి ఎక్స్‌రే కవరు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆటోలో పుణ్యవతి చీర కొంగులోంచి చిన్న కరక్కాయ ముక్క తీసి బుగ్గన పెట్టుకుంది. ఆయాసానికి కూడా అదే, దగ్గుకీ అదే, ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఆవిడ వదిలిన వెచ్చటి గాలి ఇటు తిరిగింది. ఆ వాసన. కిరణ్మయి కొత్తగూడ జంక్షన్ దాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఏంటే అలా అయిపోయావ్, డాక్టరు నాకు కదా చెప్పింది అని పుణ్యవతే ఎదురు ఓదార్చింది.

మర్నాడు పొద్దున్నే రవికిరణ్‌ని పాంట్రీలో పట్టుకుంది. ఈసారి ఏసీ గురించి కాదు.

"ఆ పెళ్ళి పాటల్లో వెనక పాడినవాళ్ళు పోయారని ఎవరు కనుక్కున్నారండి?"

"పచ్చచుక్క ఉందిగా."

"అది మెయిన్ సింగర్లకి. వెనకవాళ్ళకి?"

రవికిరణ్ టీ కప్పు పెదాల దాకా తెచ్చి ఆపేశాడు. క్యాసెట్ అట్ట మీద ఇద్దరి పేర్లున్నాయి, వాళ్ళ పక్కన 'బృందం' అని ఉందన్నాడు. బృందం పోయిందా లేదా అని ఎలా వెతుకుతారు, ఎక్కడ వెతుకుతారు. లేబుల్ వాళ్ళు వెతకలేదు. తనూ అడగలేదు. "నిజం చెప్పనా కిరణ్మయీ, అది మనుషులని నాకు తట్టనే లేదు. తబలా, వయొలిన్ లాగ అదొకటి అనుకున్నా."

అతను చెడ్డవాడేం కాదు. మొహం పాలిపోయింది. కట్ చేసినవి వెనక్కి పెట్టొచ్చా అనడిగితే పెట్టొచ్చన్నాడు. ఎవరు కట్ చేశారో వాళ్ళ లాగిన్‌లోనే, ఒక్కోటీ అన్‌డూ కొడితే, ఊపిరి ఎక్కడున్నా సరే వదిలి దాని మనిషి దగ్గరికి వెళ్ళిపోతుంది. కానీ సోమవారం పొద్దున లేబుల్ వాళ్ళు పాటలు తీసుకెళ్ళిపోతారు. ఆ తర్వాత తాళం పడిపోతుంది, ఇంక ఎవరి వల్లా కాదు. పాటలు ఊపిర్లతో వెళ్తే మాత్రం కాంట్రాక్టు పోతుంది, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఇదంతా చెప్పి, "నేనైతే నీకు ఏదీ చెయ్యమని చెప్పలేను, వద్దనీ చెప్పలేను," అని టీ సింకులో పారబోసి వెళ్ళిపోయాడు.

అయితే ఊపిర్లు ఎక్కడున్నట్టు? రాజమ్మని అడిగింది. రాజమ్మ మురిసిపోతూ సెల్లార్‌కి తీసుకెళ్ళింది.

రాజమ్మ భర్త ఐలయ్య అక్కడ పార్కింగ్‌లో సెక్యూరిటీ. జనగామ నుంచి వచ్చాడు. వయసులో కంకర మిషన్ దగ్గర పనిచేసి, ఛాతీ నిండా రాతి దుమ్ము నింపుకున్నాడు. కిరణ్మయి చేరిన కొత్తలో కుర్చీలోంచి లేవాలంటే కూడా గోడ పట్టుకునేవాడు. కార్లని చేత్తోనే రమ్మనేవాడు, నోటితో పిలవడానికి గాలుండేది కాదు. ఇప్పుడు ర్యాంప్ మీద అటూ ఇటూ నడుస్తూ, ఈల వేస్తూ బండ్లు తిప్పిస్తున్నాడు. చల్లగున్నయి తెచ్చినన్నాళ్ళు పూటకే దిగిపోతుండె మేడం, ఈ నడుమ తెచ్చిన వేడియి మాత్రం లోపల కూసున్నయి అని రాజమ్మ చెప్తోంది. అంతలో ఐలయ్య ఒక కారుకి చెయ్యి చూపించి, అది దిగేలోపల తనకు తెలియకుండానే సన్నగా ఎత్తుకున్నాడు. "ఆఆ" అని. మీసాలు నెరిసిన మనిషి గొంతులోంచి ఆడవాళ్ళ ఆలాపన. కారతను అద్దం దించి, ఐలయ్యా, కోరస్ మంచిగున్నదే అని నవ్వుకుంటూ పోయాడు.

కిరణ్మయి పక్కనున్న బండి సీటు మీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం పుణ్యవతికి చెప్పేసింది. వంటింట్లో, నేల మీద కూర్చుని, తల ఎత్తకుండా. కట్ చేసింది నేనే ఆంటీ అంది. తిడుతుందనుకుంది, ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకుంది. పుణ్యవతి స్టవ్ కట్టేసి, స్టూలు మీద కూర్చుని, ముందు అడిగింది ఏ పాటల్లో అని. చెప్పింది. తర్వాత అడిగింది, వాటిల్లో నేను విడిగా వినపడ్డానా అని.

"వినపడ్డారాంటీ. పీల్చే ముందు నాలుక చిన్నగా టక్‌మంటుంది మీకు."

పుణ్యవతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది బాధ కాదు, అదే కిరణ్మయికి మింగుడు పడలేదు. "నా పక్కన నిలబడ్డవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదే అది. ఇన్నేళ్ళకి నన్ను విడిగా విన్నదానివి నువ్వొక్కదానివే," అంది. కాసేపు ఆయాసపడి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ అంది. "విన్నావు, సంతోషం. ఇంక నాది నాకు తెచ్చిపెట్టు."

కిరణ్మయి ఐలయ్య సంగతి చెప్పింది. ఓ పెద్ద సింగర్ పాట ఊపిర్లు మిగిలున్నాయి, అవి వేరే క్యాన్లో ఉన్నాయి, పోయినాయన కాబట్టి ఎవరికీ నష్టం లేదు, అవి తెచ్చివ్వనా అని కూడా అడిగి చూసింది. పుణ్యవతి ఒప్పుకోలేదు. ఆయన ఊపిరి పీల్చుకునే సందుల్లోనే తను జీవితమంతా పాడిందట, ఇప్పుడు ఆయన గాలి మీద బతకమంటే తన వల్ల కాదట. నాది కావాలి, అంతే, అంది.

శనివారం మధ్యాహ్నం క్యాబ్‌లో ఇద్దరూ ఆఫీసుకెళ్ళారు. సెల్లార్లో దిగగానే ఐలయ్య పెద్దావిడ ఆయాసం చూసి తన కుర్చీ తెచ్చి వేశాడు. పుణ్యవతి కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. ఐలయ్య వెనక్కి తిరిగి ర్యాంప్ ఎక్కుతూ ఎప్పట్లాగే ఎత్తుకున్నాడు. ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏమయ్యా," అంది. "అది నాది."

ఐలయ్య తిరిగాడు. రాజమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. కిరణ్మయి మళ్ళీ మొత్తం చెప్పాల్సొచ్చింది, ఈసారి ముగ్గురి ముందు. రాజమ్మకి కోపమొచ్చింది. నేనేమన్న దొంగతనం జేసిన్నా, మీరు పడేసినయే గద తీస్కపోయిన అంది. ఎవరూ దొంగతనం అనలేదని కిరణ్మయి చెప్తున్నా వినిపించుకోలేదు. ఐలయ్య మాత్రం గోడకి ఆనుకుని, టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు.

"అమ్మా, మీదని నాకెరుక లేకుండె," అన్నాడు చివరికి. "గని అబద్ధమెందుకు, నేనైతే ఇయ్య. రెండేండ్ల సంది గోడకొరిగి కూసునే నిద్రపోయిన. ఇప్పుడు నడుం వాల్చి పండుకుంటున్న. మల్ల గోడకాడికి పొమ్మంటే నాతోని గాదు."

"ఇప్పుడు నేను పడుకుంటున్నాను బాబూ, ఆ గోడకి ఆనుకుని," అంది పుణ్యవతి.

ఐలయ్య టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. పైన ఏదో కారు హారన్ కొడుతోంది. రాజమ్మే వెళ్ళి గేటు తీసింది.

పైకెళ్ళారు. శనివారం కదా, ఫ్లోరంతా ఖాళీ. కిరణ్మయి లాగిన్ అయ్యి, పెళ్ళి పాటల ఒరిజినల్ తెరిచి, పుణ్యవతికి హెడ్‌ఫోన్ పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. చూపుడు వేలితో టేబుల్ మీద కొడుతూ, ఎవరెవరో చెప్పడం మొదలుపెట్టింది. ఇది నేను. ఇది కళ్యాణి, వాచీ విప్పి జాకెట్లో దాచుకుని పాడేది, టిక్కుటిక్కు మైకులో పడుతుందని. ఇది పొడుగావిడ, గుంటూరుది, పేరు నోట్లోనే ఉంది. ఇదిగో ఇది పులిహోర. అసలు పేరు ఎవరికీ తెలియదు, క్యారేజీలో అందరికీ పులిహోర తెచ్చేదని అలాగే పిలిచేవాళ్ళం. రేపు ఎనిమిదిమంది కావాలి అని కబురొచ్చేది, ఎనిమిదిమందిమి వెళ్ళేవాళ్ళం, అంతే అమ్మాయ్. పేర్లతో ఎవరికి పనుంది.

"ఇది రుక్కమ్మ," అంది మెత్తగా. "నా కుడి పక్కన. ఎప్పుడూ."

కిరణ్మయి మౌస్ మీద చెయ్యి తీసేసింది. ఆ ఊపిరి ఆమెకి గుర్తుంది. పీల్చేటప్పుడు చివర్లో చిన్నగా వణికే ఊపిరి. వారం మొదట్లో మిగతావాటిలాగే వెచ్చగా వచ్చింది. వారం చివర్లో చల్లగా తగిలింది. ఏసీ బాగైందని తను కడుపునిండా తిన్నది ఆ రోజే.

పుణ్యవతి కళ్ళు తెరిచి ఆ పిల్ల మొహం చూసింది. ఏంటని అడిగింది. కిరణ్మయి దాచలేదు. వెచ్చగా ఉంటే బతికున్నట్టు, చల్లబడితే పోయినట్టు, ఇది మధ్యలో చల్లబడింది అని చెప్పింది. ముసలితనంతో పోయిందో, తన మౌస్ దెబ్బకే పోయిందో తెలియదని కూడా చెప్పింది. పుణ్యవతి హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. కుడి పక్క ఖాళీ కుర్చీ ఉంటే దాని చేతి మీద చెయ్యి వేసింది.

"పెద్ద ఆలాపన ఉంటుంది చూడు, తెంపకుండా లాగాలి," అంది తర్వాత. "ఎవరికైనా అంత గాలి ఎక్కడుంటుంది? అందుకని ఒకేసారి ఎవరం పీల్చేవాళ్ళం కాదు. నాకు అందకపోతే రుక్కమ్మ మణికట్టు నొక్కేదాన్ని. అది పట్టుకునేది, నేను పీల్చుకునేదాన్ని. తర్వాత అది కళ్యాణి చెయ్యి నొక్కేది. బయటికి మాత్రం ఒక్క గొంతే, ఎక్కడా తెగదు. అలాగే నెట్టుకొచ్చాం." ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. "కింద ఆయనకి ఎన్ని కావాలంటావ్? తలా ఒకటి వదిలేస్తే పడుకుని నిద్రపోగలడు. మాలో ఇంకొకడు అనుకుంటాం."

కిరణ్మయికి ప్రాణం లేచొచ్చింది. అలాగే చేద్దాం ఆంటీ అని మౌస్ అందుకుంది. పుణ్యవతి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాది నేను చెప్పాను. వాళ్ళవి నేనెలా చెప్తానే? పక్కన నిలబడ్డంత మాత్రాన వాళ్ళ ఊపిరి నాదైపోతుందా. వాళ్ళని అడగాలి."

పుణ్యవతివి మాత్రం అప్పుడే వెనక్కి పెట్టారు, ఒక్కటి వదిలి. ఒక్కో అన్‌డూకీ ఆవిడ భుజాలు కాస్త కాస్త కిందికి దిగాయి. మొహంలోకి రంగొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, ఎన్నాళ్ళకో నిండుగా గాలి పీల్చుకుంది. నాలుక చిన్నగా టక్‌మంది. అదే నిమిషంలో రాజమ్మ నుంచి ఫోనొచ్చింది. ఆయన ర్యాంప్ మీద కూలబడ్డడు మేడం, మీరేం జేసిన్రు మీదికి పోయి అని. వెనక ఐలయ్య దగ్గు వినపడుతోంది. గోడకి కూర్చోబెట్టానంది రాజమ్మ. ఫోన్ పెట్టెయ్యకుండా అలా ఆ దగ్గే వినిపించింది.

ఇది జరిగింది నిన్న. ఇవాళ ఆదివారం. తమకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. కళ్యాణి అనే ఆవిడ బాచుపల్లి వైపు కూతురి దగ్గర ఉంటుందని ఎవరో అన్నారు, ఏ అపార్టుమెంటో తెలియదు. పొడుగావిడ పేరు పుణ్యవతికి ఇంకా గుర్తు రాలేదు. పులిహోర సంగతి అసలే తెలియదు. మిగతా ముగ్గురి ఊపిర్లు వింటే మనుషులు కళ్ళకి కడుతున్నారు గానీ, ఊరూ పేరూ లేవు. ఎక్కడో ఆరు ఇళ్ళల్లో ఆరుగురు ఆడవాళ్ళు ఎందుకు ఆయాసమొస్తోందో తెలియక కూర్చునుంటారు. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు వయసైపోయిందిలే అనుకుంటుంటారు.

అందుకే కిరణ్మయి ఈ సంగతంతా ఇలా మీ ముందు పెట్టింది. మీ అమ్మమ్మో, అత్తగారో, మీ పక్క ఫ్లాట్లో ఆవిడో ఒకప్పుడు సినిమాల్లో వెనక పాడేదాన్నని చెప్తే మీరు నవ్వి ఊరుకున్నారేమో, ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఈ మధ్య మెట్ల మీద ఆగుతోందా? కూర్చునే నిద్రపోతోందా? అలా ఉంటే, కింద పార్కింగ్‌లో ఉన్న ఒక మనిషి కోసం ఒక్క ఊపిరి వదులుతుందేమో అడిగి చెప్పండి. వదలనంటే అదీ చెప్పండి, కిరణ్మయి మొత్తం తిరిగిచ్చేస్తుంది.

రేపు పొద్దున్న లేబుల్ వాళ్ళు వచ్చేలోపల ఎవరూ దొరక్కపోతే ఏం చెయ్యాలో మాత్రం ఆ పిల్లకి తెలియట్లేదు. ఆరుగురివీ మొత్తం తిరిగిచ్చేస్తే ఐలయ్య ఆ గోడ దగ్గర్నుంచి మళ్ళీ లేవడు. తలా ఒకటి ఉంచేస్తే అందరూ బతుకుతారు, నిజమే. కానీ వాళ్ళ దగ్గర ఒకసారి అడక్కుండా తీసుకుంది. రెండోసారి కూడా అడక్కుండా ఉంచేసుకోవచ్చా? మీరైతే ఏం చేస్తారు, చెప్పండి.